ఖుక్రీ మనకు వదిలి వెళ్ళిన ప్రశ్న

డయ్యూలో సముద్రం ఒడ్డున ఓ చిన్న గుట్ట మీద ఐఎన్ఎస్ ఖుక్రీ స్మారకం ఉంది. అద్దాల గదిలో ఆ యుద్ధనౌక నమూనా, ఎదురుగా అరేబియా సముద్రం. ఆ మధ్య మా అబ్బాయి కుటుంబంతో కలిసి అక్కడికి వెళ్ళాను. పక్కనే ఒకాయన పర్యాటకులకు కెప్టెన్ ముల్లా కథ చెబుతున్నాడు. మునిగిపోతున్న ఓడను వదిలి రానన్న కమాండర్, తన లైఫ్ జాకెట్‌ను మరొకరికి ఇచ్చేసిన మనిషి. విన్నవాళ్ళందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. అంతా అయ్యాక మా పదేళ్ళ మనవడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "తాతయ్యా, సబ్‌మెరైన్లను పట్టుకోవడానికే కదా ఆ ఓడ వెళ్ళింది? మరి దానికి సబ్‌మెరైన్ ఎందుకు కనపడలేదు?"

నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్ళు నౌకాదళ క్యాడెట్లతో కలిసి తిన్నాను, పరుగెత్తాను, శిక్షలు పడ్డాను. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా సైన్యంలో ఉన్నాను. వాడి ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. కానీ ఆ స్మారకం ముందు నిలబడి చెప్పబుద్ధి కాలేదు. "ఇంటికి వెళ్ళాక చెబుతాను" అన్నాను. ఈ వ్యాసం ఆ జవాబే.

రెండు తేదీలు

డిసెంబర్ 4 మనందరికీ తెలుసు. 1971లో ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద విరుచుకుపడ్డాయి. అంతకు ఒక్క రాత్రి ముందు విశాఖ తీరంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ సముద్ర గర్భంలో కలిసిపోయింది. అందుకే డిసెంబర్ 4 నౌకాదళ దినమైంది. ఆర్కే బీచ్‌లో విన్యాసాలు చూస్తూ, విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర పుష్పగుచ్ఛాలు చూస్తూ పెరిగిన ఉత్తరాంధ్ర పిల్లలు ఆ తేదీని మరిచిపోలేరు. ఆ యుద్ధం నాటికి నాకు పన్నెండేళ్ళు. కిటికీలకు నల్ల కాగితాలు అంటించిన ఇంట్లో, నాన్నగారి పక్కన కూర్చుని ఆకాశవాణి వార్తలు విన్నవాణ్ణి.

మరి డిసెంబర్ 9? గెలుస్తున్న యుద్ధం మధ్యలో ఆ రాత్రి మన ఫ్రిగేట్ ఒకటి మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. స్వతంత్ర భారతం యుద్ధంలో కోల్పోయిన యుద్ధనౌక అదొక్కటే. ఆ తేదీని మన పౌర సమాజం దాదాపు మరిచిపోయింది. పాకిస్థాన్ మరిచిపోలేదు. అక్కడి నౌకాదళం ఏటా డిసెంబర్ 9ని 'హంగోర్ దినం'గా జరుపుకుంటుంది. ఖుక్రీని ముంచిన హంగోర్ జలాంతర్గామిని కరాచీ మారిటైమ్ మ్యూజియంలో భద్రంగా నిలబెట్టుకున్నారు.

చవకగా కట్టిన ఓడ

ఖుక్రీ సేవా చరిత్ర చిన్నది. బ్రిటన్‌లోని ఐల్ ఆఫ్ వైట్‌లో కౌజ్ అనే చోట జె. శామ్యూల్ వైట్ కంపెనీ కట్టిన ఓడ అది. 1956లో నీటిలోకి దిగింది, 1958లో మన నౌకాదళంలో చేరింది. దానితోపాటు కిర్పాణ్, కుఠార్ అనే రెండు సోదర నౌకలు వచ్చాయి. మూడింటికీ ఆయుధాల పేర్లే. ఖుక్రీ గూర్ఖాల కత్తి, కిర్పాణ్ సిక్కుల కరవాలం, కుఠార్ గొడ్డలి.

ఇవి బ్లాక్‌వుడ్ తరగతి నౌకలు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు చేసిన నష్టం బ్రిటన్ మరిచిపోలేదు. మళ్ళీ యుద్ధం వస్తే వాణిజ్య నౌకలకు కాపలా కాయడానికి చాలా ఓడలు, తొందరగా, తక్కువ ఖర్చుతో కావాలి. ఆ లెక్కతో గీసిన నమూనా ఇది. ఒకటే ప్రొపెల్లర్. తుపాకులంటే మూడు 40 మిల్లీమీటర్ల బోఫోర్స్. జలాంతర్గాముల మీదికి పేలుడు గుండ్లు విసిరే లింబో మోర్టార్లు రెండు. ఆ మోర్టార్ దెబ్బ సుమారు వెయ్యి గజాల దూరానికి మించదు. అంటే శత్రువు కిలోమీటరు లోపుకి వస్తేనే ఈ ఓడ ఏమైనా చేయగలదు.

1950ల నాటి జలాంతర్గాములకు అది సరిపోయేది. కానీ ఎదుటివాడు ఆగిపోడు కదా. 1970 నాటికి పాకిస్థాన్ ఫ్రాన్స్ నుంచి డాఫ్నే తరగతి జలాంతర్గాములు మూడు తెచ్చుకుంది. తక్కువ చప్పుడు, మంచి వినికిడి, శబ్దాన్ని బట్టి వెంటాడే టార్పెడోలు. మన దగ్గర అప్పుడూ పదమూడేళ్ళ నాటి ఖుక్రీయే ఉంది.

ఆ రాత్రి

గుజరాత్ తీరానికి దూరంగా ఓ జలాంతర్గామి తిరుగుతోందని రేడియో సంకేతాల ద్వారా మనవాళ్ళు పసిగట్టారు. దాన్ని వేటాడమని 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్‌ను డిసెంబర్ 8న బొంబాయి నుంచి పంపారు. స్క్వాడ్రన్ కమాండర్ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఖుక్రీ మీద ఉన్నారు. మూడో ఓడ కుఠార్ యంత్రాల గదిలో యుద్ధం మొదట్లోనే ప్రమాదం జరగడంతో అది రాలేకపోయింది. మిగిలినవి రెండే ఓడలు.

ఖుక్రీ మీద ఆ రోజు ఓ ప్రయోగం కూడా జరుగుతోంది. ఓడ అడుగున అమర్చి, నీటిలోకి శబ్ద తరంగాలు పంపి, ప్రతిధ్వనిని బట్టి శత్రువును కనిపెట్టే పరికరమే సోనార్. ఖుక్రీ సోనార్‌కు దూరపు చూపు లేదు. ఆ దూరాన్ని పెంచడానికి ఓ యువ ఎలక్ట్రికల్ అధికారి అదనపు పరికరం ఒకటి తయారుచేశారు. అది బాగా పనిచేయాలంటే ఓడ సొంత చప్పుడు తగ్గాలి. చప్పుడు తగ్గాలంటే వేగం తగ్గాలి. వైస్ అడ్మిరల్ హీరానందానీ రాసిన నౌకాదళ చరిత్రలో ఈ విషయం ఉంది. టార్పెడోలున్న నీళ్ళలో మెల్లగా వెళ్ళే ఓడ సులువైన గురి అని ముల్లాకు తెలియదా? తెలుసు. వేగంగా వెళ్తే తన చెవులు పనిచేయవు. మెల్లగా వెళ్తే శత్రువుకు దొరుకుతాడు. ఆ సామగ్రి ఆయనకు ఇచ్చిన అవకాశాలు ఆ రెండే.

హంగోర్ కమాండర్ అహ్మద్ తస్నీమ్ తర్వాత చెప్పిన వివరాల ప్రకారం, మన రెండు ఓడలు దీర్ఘచతురస్రాకారంలో ఒకే పద్ధతిగా గాలిస్తున్నాయి. ఆయన ఆ దారిని లెక్కగట్టి, వాటికి ఎదురుగా నీటి అడుగున కాచుకున్నాడు. మొదటి టార్పెడో కిర్పాణ్ మీద వేశాడు, అది పేలలేదు. రెండోది ఖుక్రీకి తగిలింది. రాత్రి తొమ్మిది కావస్తోంది. డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ళ దూరం. కొద్ది నిమిషాల్లోనే ఓడ మునిగిపోయింది. ముల్లా, ఆ సోనార్ ప్రయోగం చేసిన యువ అధికారి ఇద్దరూ ఓడతోపాటే వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చిన ఐఎన్ఎస్ కచ్చల్ సముద్రంలో తేలుతున్న 67 మందిని కాపాడగలిగింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జలాంతర్గామి దెబ్బకు మునిగిన మొదటి యుద్ధనౌక ఖుక్రీయే.

కిర్పాణ్ ఎందుకు వెళ్ళిపోయింది?

ఈ కథ విన్న ప్రతి ఒక్కరూ అడిగే మరో ప్రశ్న ఉంది. తోటి ఓడ మునుగుతుంటే కిర్పాణ్ అక్కడే ఆగి మనుషులను ఎందుకు కాపాడలేదు? కాల్బలంలో పెరిగిన నాలాంటివాళ్ళకు ఇది మరీ గుచ్చుకుంటుంది. పడిపోయిన సహచరుణ్ణి వదిలి రాకూడదని మాకు మొదటి రోజు నుంచీ నూరిపోస్తారు.

సముద్రం లెక్క వేరు. 1914 సెప్టెంబర్ 22న ఉత్తర సముద్రంలో బ్రిటిష్ క్రూజర్ అబూకిర్‌ను ఒక జర్మన్ జలాంతర్గామి కొట్టింది. తోటివాళ్ళను కాపాడడానికి హోగ్ ఆగింది, దానికీ దెబ్బ తగిలింది. తర్వాత క్రెస్సీ. గంటన్నర కూడా పట్టకుండా మూడు క్రూజర్లు, దాదాపు 1450 మంది మనుషులు పోయారు. జలాంతర్గామి పొంచి ఉన్నచోట ఆగిన ఓడ శవపేటికే. కిర్పాణ్ ఆగి ఉంటే డయ్యూ స్మారకం మీద ఇంకో ఓడ పేరు చేరేది. అది వెనక్కి వెళ్ళి, మర్నాడు కచ్చల్‌తో కలిసి తిరిగి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళను సోఫాల్లో కూర్చుని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

వెచ్చటి నీటి తెర

ఇక మనవడి అసలు ప్రశ్న. ఎందుకు కనపడలేదు?

మన సముద్రాలు వెచ్చనివి. ఎండకు పై నీరు వేడెక్కుతుంది, లోతుకు వెళ్ళేకొద్దీ చల్లబడుతుంది. వేడి, చల్లదనాలు కలిసే చోట శబ్దం తిన్నగా వెళ్ళదు, కిందికి వంగిపోతుంది. ఎండాకాలం తారురోడ్డు మీద దూరంగా నీళ్ళున్నట్టు కనబడి మోసం చేస్తుంది చూడండి, అక్కడ కాంతి వంగినట్టే ఇక్కడ శబ్దం వంగుతుంది. పైనున్న ఓడ పంపిన శబ్దం ఆ పొర కింద దాక్కున్న జలాంతర్గామిని చేరదు, చేరినా ప్రతిధ్వని తిరిగి రాదు. చల్లటి అట్లాంటిక్ కోసం చేసిన సోనార్‌ను తెచ్చి అరేబియా సముద్రంలో దింపితే వచ్చే చిక్కు ఇదే. పైగా కింద ఉన్నవాడికి ఇంజన్ల మోతతో వెళ్ళే ఓడ ఎంతో దూరం నుంచే వినిపిస్తుంది. కళ్ళకు గంతలు కట్టుకున్నవాడు, గాలి శబ్దం కూడా వినగలవాడితో కత్తియుద్ధం చేసినట్టు.

ఇందులో ధైర్యం పాత్ర ఎంత? ఓడ మునిగేటప్పుడు మనిషి ఎలా ప్రవర్తించాడో చెప్పడానికి ధైర్యం కావాలి. ఓడ మునగకుండా ఉండడానికి సోనార్ కావాలి. ముల్లాకు మహావీర్ చక్ర ఇచ్చి మొదటిదాన్ని గౌరవించాం. రెండోదాని గురించి మాట్లాడడానికి మొహమాటపడ్డాం. ఈ అలవాటు నౌకాదళానికే పరిమితం కాదు. 1999లో నేను ఉత్తర సరిహద్దుల్లో ఉన్నాను. శత్రువు ఫిరంగి ఎక్కడి నుంచి పేలుతోందో చెప్పే రాడార్ పాకిస్థాన్ దగ్గర ఉంది, మన దగ్గర లేదు. కార్గిల్ శిఖరాల మీద ఆ లోటును కుర్రాళ్ళు ప్రాణాలతో పూడ్చారు. ఆ రాడార్లు యుద్ధం అయ్యాక కొన్నాం. వీరగాథలు మాత్రం వెంటనే వచ్చాయి.

చావును వృథా పోనివ్వని ఒకాయన

ఖుక్రీ కథలో మన పిల్లలకు చెప్పని భాగం ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ తమిళనాడుకు చెందిన నౌకాదళ అధికారి. మా ఎన్‌డీఏ నుంచే వెళ్ళినవారు. ఐఐటీ ఢిల్లీలో సంకేతాల గణితం మీద పరిశోధన చేసి 1972లో నౌకాదళానికి తిరిగి వచ్చారు. ఖుక్రీ పోయిన గాయం అప్పటికి పచ్చిగానే ఉంది. మన ఫ్రిగేట్ల మీదున్న బ్రిటిష్ సోనార్‌ను మెరుగుపరిచే పని ఆయనకు అప్పగించారు. చేసి చూపించారు. ఆ ఊపుతో కొచ్చిలోని నౌకాదళ పరిశోధనాలయంలో ఏకంగా కొత్త సోనార్‌నే రూపొందించే బృందానికి నాయకత్వం వహించారు. అదే ఆప్సో. మన నీళ్ళ కోసం మనవాళ్ళు చేసిన సోనార్. 1980ల మొదట్లో ఐఎన్ఎస్ హిమగిరి ఫ్రిగేట్ మీద దాన్ని పరీక్షించారు. తర్వాత వచ్చిన మన సోనార్లన్నిటికీ అది పెద్దన్నయ్య.

ఆ తర్వాత పాల్‌రాజ్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అనేక యాంటెనాలతో ఒకేసారి సమాచారం పంపే మైమో పద్ధతిని కనిపెట్టారు. మీ ఇంటి వైఫై, మీ చేతిలోని ఫోను ఇవాళ దాని మీదే నడుస్తున్నాయి. 2010లో పద్మభూషణ్, 2014లో మార్కోని బహుమతి అందుకున్నారు. 194 మంది సముద్రంలో కలిసిన రాత్రి అడిగిన ప్రశ్నకు ఒక అధికారి పదేళ్ళపాటు కూర్చుని జవాబు రాశాడు. డయ్యూ స్మారకం దగ్గర ముల్లా పక్కన ఈ కథ కూడా చెప్పాలి. ఒకరు ఎలా చావాలో చూపించారు. మరొకరు ఇంకెవరూ అలా చావకుండా ఏం చేయాలో చూపించారు.

పాఠం నేర్చుకున్నామా?

సగం నేర్చుకున్నాం. 2014 ఆగస్టులో డిస్ట్రాయర్ కోల్‌కతా ముంబైలో, జలాంతర్గాముల వేటకోసమే కట్టిన కమోర్తా విశాఖలో నౌకాదళంలో చేరాయి. గొప్ప ఓడలు. కానీ చేరిన రోజున వాటికి ఓడ వెనకాల తాడుతో లాక్కెళ్ళే టోడ్ అర్రే సోనార్ లేదు. ఇందాక చెప్పిన వెచ్చటి నీటి పొర కింద ఏముందో వినడానికి సరైన మార్గం అదే. సొంతంగా చేయాలన్న ప్రయత్నం ఫలించక, విదేశీ కొనుగోలు ఏళ్ళ తరబడి కాగితాల్లో తిరిగి, ఓడ సిద్ధమైనా చెవులు సిద్ధం కాలేదు. హెలికాప్టర్ల కథా అంతే. పాత సీకింగ్‌లు అరిగిపోయాయి. కొత్త సీహాక్‌లు 24 కావాలని 2020లో ఒప్పందం చేసుకుంటే, మొదటి స్క్వాడ్రన్ కొచ్చిలో 2024 మార్చిలో ఏర్పడింది.

మంచి జరగలేదని కాదు. అరక్కోణం నుంచి ఎగిరే పీ-8ఐ విమానాలు ఇవాళ హిందూ మహాసముద్రాన్ని జల్లెడ పడుతున్నాయి. తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్ళలో జలాంతర్గాములను వేటాడడానికి 16 చిన్న నౌకలు మన యార్డుల్లోనే కడుతున్నారు. వాటిలో మొదటిది అర్నాలా 2025 జూన్‌లో విశాఖలోనే నౌకాదళంలో చేరింది.

కానీ అవతలివాడు కూడా నిద్రపోవడం లేదు. చైనా నుంచి ఎనిమిది జలాంతర్గాములు కొనడానికి పాకిస్థాన్ 2015లో ఒప్పందం చేసుకుంది. నాలుగు చైనాలో, నాలుగు కరాచీలో కట్టాలని ఏర్పాటు. మామూలు డీజిల్ జలాంతర్గామి బ్యాటరీల కోసం తరచు పైకి రావాలి, అప్పుడే దొరికిపోతుంది. వీటిలో గాలి అవసరం లేకుండా నడిచే ఏర్పాటు ఉంది కాబట్టి రోజుల తరబడి కిందే ఉండగలవు. మొదటిదాన్ని 2024 ఏప్రిల్‌లో వూహాన్‌లో నీటిలోకి దించారు. దానికి, ఆ తరగతి మొత్తానికి, వాళ్ళు పెట్టుకున్న పేరు హంగోర్. ఈ పేరు యాదృచ్ఛికంగా పెట్టింది కాదు. 1971 డిసెంబర్ 9ని వాళ్ళు ఎలా గుర్తుపెట్టుకున్నారో ఆ పేరే చెబుతోంది.

మనం చేయాల్సింది

నేను కోరేవి మూడు.

మొదటిది, ఖుక్రీ దస్త్రాలు తెరవాలి. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్ళకు బయటపెట్టాలని రక్షణ శాఖ 2021లో తనకు తానే విధానం పెట్టుకుంది. ఖుక్రీ మునిగి అర్ధశతాబ్దం దాటింది. బతికి వచ్చినవాళ్ళ మాటలను ఒక పుస్తకంగా పోగుచేయడానికి మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో అనే గూర్ఖా అధికారి పూనుకోవలసి వచ్చింది. ఆయన కూడా 1971 యుద్ధంలోనే కాలు పోగొట్టుకున్నవారు. నిజం తెలిస్తే ముల్లా గౌరవం తగ్గదు. ఆయన ఎలాంటి చేతులతో పోరాడారో తెలిస్తే ఇంకా పెరుగుతుంది.

రెండోది, సోనార్ లేని, హెలికాప్టర్ లేని యుద్ధనౌకకు రిబ్బన్ కత్తిరించడం మానాలి. ప్రారంభోత్సవం ఆరు నెలలు ఆలస్యమైతే ఒక మంత్రిగారి కార్యక్రమం వాయిదా పడుతుంది. ఖాళీ చెవులతో ఓడను పంపితే పోయేది ఎవరు?

మూడోది, డిసెంబర్ 9ని కూడా గుర్తుపెట్టుకోవాలి. విశాఖ బీచ్ రోడ్డులో ఒకవైపు కురుసుర జలాంతర్గామి, రోడ్డుకు అవతల జలాంతర్గాములను వేటాడిన టీయూ-142 విమానం ఉన్నాయి. వేట, వేటగాడు ఎదురెదురుగా. ఏటా లక్షల మంది పిల్లలు చూసి వెళ్తారు. ఆ రెంటి మధ్య సోనార్ ఎలా పనిచేస్తుందో, మన సముద్రం శబ్దాన్ని ఎలా వంచుతుందో, ఖుక్రీ ఎందుకు వినలేకపోయిందో చెప్పే ఒక్క గది ఉంటే చాలు. అది చూసిన పిల్లల్లో ఒకరు రేపటి పాల్‌రాజ్ అవుతారు.

ఖుక్రీ పేరు మీద 1989లో మనం మరో యుద్ధనౌకను, ఈసారి ముంబైలో మనమే కట్టుకున్నదాన్ని, నౌకాదళంలో చేర్చుకున్నాం. ఆ కార్వెట్ 32 ఏళ్ళు పనిచేసి, 2021 డిసెంబర్‌లో విశాఖలో విధులు ముగించింది. దాన్ని డయ్యూ తీసుకెళ్ళి, పాత ఖుక్రీ నిద్రపోతున్న నీటికి దగ్గరలో నిలిపారు. మొదటి ఖుక్రీకి దక్కని వృద్ధాప్యం రెండోదానికి దక్కింది. ఏ యుద్ధనౌకకైనా అంతకంటే మంచి సేవా చరిత్ర ఉండదు.

ఇంటికి వచ్చాక మనవడికి ఇదంతా చెప్పాను. కాగితం మీద నీటి పొరలు గీసి, శబ్దం ఎలా వంగుతుందో చూపించాను. శ్రద్ధగా విని, "అయితే ఇప్పుడు మన ఓడలకు వినపడుతుందా?" అని అడిగాడు. ఇదివరకటి కంటే బాగా వినపడుతుంది అన్నాను. అన్ని ఓడలకూనా అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు.